తొలియేటి కూడు

కళాశాలల చరిత్రలను వ్రాయువారు సామాన్యముగ శంకుస్థాపన దినమును, ప్రథమాధ్యక్షుని నామధేయమును, భవన నిర్మాణమునకైన వ్యయమును పేర్కొని తృప్తి నొందుదురు గాని, ఆ భవనమున తొలిసారి అడుగిడిన పల్లెటూరి బాలుడు ఆనాటి రాత్రి ఎక్కడ భుజించెను, ఆ భోజనమునకు మూల్యమెవరు చెల్లించిరి, లేక ఎవరును చెల్లింపకయే అతడు నీళ్లు త్రాగి పరుండెనా అను ప్రశ్నలకు వారి గ్రంథములలో తావు దొరకుట అరుదు. కర్నూలు, కడప జిల్లాల విషయమున ఈ ప్రశ్నయే తక్కిన ప్రశ్నలకెల్ల మూలమని నా అభిప్రాయము. వానను నమ్మరాని ఈ నేలలో పుట్టిన విద్యార్థికి ఉన్నత విద్యాలయమున మొదటి సంవత్సరము గడుపుట యనగా, ఆంగ్లాధ్యాపకుని ఉచ్చారణము చెవికి పట్టుటకన్న ముందు, క్రొత్త పాఠ్యక్రమము తలకెక్కుటకన్న ముందు, రెండుపూటల కూటికి దారి చూచుకొనుట. ఆ దారి ఏ కాలమున ఎట్లుండెనో తెలిసికొన్నచో ఈ సీమ చదువుల చరిత్ర సగము తెలిసినట్లే.

అన్నము పెట్టినవానికి ఈ ప్రాంతమున గల గౌరవము కరువులనుండి పుట్టినది. 1866 నాటి కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలను తెరపించి వేలమందికి గంజి పోయించెననియు, ఆ కార్యమునకు విక్టోరియా రాణి పేర బంగారు పతకము వచ్చెననియు కర్నూలు జిల్లాలో నేటికిని చెప్పుకొందురు. ఆ కరువును మరువకముందే 1876 మొదలు 1878 వరకు నడచిన ధాత కరువు వచ్చి పల్లెలకు పల్లెలనే పాడుపెట్టెను. ఇట్టి సంఘమున బిడ్డను పరాయి ఊరికి చదువునకు పంపుట యనునది తల్లిదండ్రులకు విద్యావిషయము కాదు, ధాన్యవిషయము. గింజలున్న ఏడు బిడ్డ చదివెను. లేని ఏడు మానెను.

నైజాము 1800లో ఇంగ్లీషువారికి అప్పగించిన దత్తమండలములలో కడప చేరియుండెను. కర్నూలు నవాబు సంస్థానము 1839లో వారి చేతికి చిక్కెను. 1857లో మదరాసు విశ్వవిద్యాలయము వెలసినది మొదలు సుమారు అరువదియేండ్లపాటు ఈ రెండు జిల్లాల యువకులకు పట్టపరీక్ష యన్నచో ప్రధానముగ మదరాసే. కడపవానికి మదరాసు-బొంబాయి రైలుమార్గము ఊరి ప్రక్కనుండియే పోవుటచే రాత్రి బండి యెక్కి తెల్లవారునప్పటికి సముద్రపుగాలి పీల్చుట సాధ్యమయ్యెను; కర్నూలువానికి మాత్రము తొలిదినములలో ఎద్దులబండి ప్రయాణము తప్పినది కాదు. దిగిన పిమ్మట ఇరువురి గతియు ఒక్కటియే. అరవము రాదు, ఆంగ్లము పుస్తకమున తెలియును గాని నోట పలుకదు. తిరువళ్లిక్కేణి వీధులలోని భోజనశాలల్లో మూడుపూటల అన్నమే వడ్డింతురు. చిన్ననాటినుండి జొన్నరొట్టెకు, రాగిసంగటికి అలవాటుపడిన కడుపు ఆ మెత్తని అన్నముతో నిండినట్లే నిండి రెండు గంటలలో మరల ఆకలిగొనును. ఇంటినుండి తెచ్చుకొన్న చెనిక్కాయల పొడి, ఎండుమిరపకాయల కారము అయిపోవువరకే ధైర్యము. తరువాత దసరా సెలవులకు దినములు లెక్కపెట్టుకొనుట.

మదరాసునకు పోకముందే, ఉన్నత పాఠశాల యున్న తాలూకా పట్టణములోనే, చాలమందికి ఈ పరదేశవాసపు అభ్యాసము ప్రారంభమగుచుండెను. ఆనాటి వారాల పద్ధతి అందరికిని తెలిసినదే అయినను దానిలోని శ్రమ నేటి పాఠకులకు అంతగ తెలియదు. ఏడు దినములకు ఏడు ఇండ్లు కుదుర్చుకొనవలెను; సోమవారము వకీలు గారి ఇంట, మంగళవారము కచేరి శిరస్తాదారు గారి ఇంట, బుధవారము పురోహితుల ఇంట, ఈ విధముగ పంచాంగమువలె ఒక పట్టిక బాలుని మనస్సున ముద్రితమై యుండును. ఏ ఇంటనైన మైల వచ్చినను, ఇంటివారు ఊరికి పోయినను ఆనాడు పస్తు. అన్నము పెట్టిన ఇల్లాలికి బావినుండి నీరు చేదవలెను, ఆ యింటి చిన్నవానికి ఎక్కములు చెప్పవలెను, అంగడికి పోయి చింతపండు తేవలెను. బాలుడు మొదటి సంవత్సరమున నేర్చునది పాఠములకన్న మిన్నగ ఏడు గృహముల స్వభావములను: ఏ ఇంట వేళ తప్పరాదు, ఏ ఇంట రెండవమారు మజ్జిగ అడుగరాదు, ఏ ఇంటి పెద్దాయన భోజనకాలమున శ్లోకము చదివినచో సంతోషించును. ఈ శిక్షణము పొంది పైకి వచ్చినవారు తరువాత పెద్ద యుద్యోగములలో మనుష్యులతో నేర్పుగ మెలగిరనుటలో ఆశ్చర్యము లేదు.

అయితే ఈ పద్ధతిని పొగడువారు ఒక విషయము మరచిపోవుదురు. వారాలు ప్రధానముగ బ్రాహ్మణ బాలురకు, అదియు బ్రాహ్మణ గృహములలో, దొరకినవి. కోమట్ల బిడ్డలకు తమవారి సత్రములు, అంగళ్లు ఉండెను. కాపు రైతుల బిడ్డలకు పట్టణమున చుట్టపుటిల్లు దొరకినచో దొరకెను, లేనిచో తండ్రి నెలకొకమారు బండిలో బియ్యము, జొన్నలు తెచ్చి ఎవరి పంచననో దించిపోవుచుండెను. మాలమాదిగల బిడ్డకు ఈ మూడును లేవు. గడపలోనికి రానీయని ఊరిలో వారమెక్కడ? అన్నదానపు సీమ యని మనము గర్వించుట న్యాయమే కాని, పంక్తి ఎవరితో ముగిసెనో కూడ చెప్పుకొన్నపుడే ఆ గర్వము పూర్ణమగును.

కర్నూలులో 1883లో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి బాల్యము ఈ కాలమునకు మంచి నిదర్శనము. పేదరికముచే చదువు కుంటుపడుచు, కర్నూలు, గుత్తి, నంద్యాలలలో సాగి, ఉపకారవేతనముల బలముచే మదరాసు చేరి 1906లో ఆయన ఎం.ఏ. పట్టము నందిరి. ఆ తరువాత ఉపాధ్యాయ శిక్షణకై రాజమహేంద్రవరము పోయిరి. అక్కడ తొలియేడు పూర్తి గాకముందే, 1907లో బిపిన్ చంద్రపాలు ఆ పట్టణమునకు వచ్చిన సందర్భమున, వందేమాతరోద్యమములో పాల్గొన్నందులకు కళాశాలనుండి బహిష్కృతులైరి. ఎన్ని యేండ్లు ఎన్ని యూళ్ల అన్నము తిని సంపాదించుకొన్న స్థానమును ఒక్క నినాదమునకై విడిచిరో తలచుకొన్నపుడు, ఆ త్యాగము యొక్క బరువు కలవారి బిడ్డల త్యాగముతో సమానము కాదని తోచును.

1915లో మదనపల్లెలో బెసెంటు దివ్యజ్ఞాన కళాశాల, 1916లో అనంతపురమున దత్తమండల కళాశాల వెలసిన పిమ్మట దూరము కొంత తగ్గెను. మదనపల్లె 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు కడప జిల్లాలోనిదే కావున కడపవారు దానిని తమదిగ భావించుటలో వింత లేదు. కర్నూలువారికి అనంతపురమే అందుబాటు. ఆ అనంతపురపు కళాశాలలో తెలుగు బోధించిన చిలుకూరి నారాయణరావు గారు 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలో దత్తమండలమను పేరును మాని రాయలసీమ యను పేరును సూచించిరి. ఎవరికో దత్తమైన భూమి యను నామమును తరగతి పట్టికపై ప్రతిదినము చూచుచు పాఠము చెప్పిన అధ్యాపకునికి ఆ యోచన కలుగుట సహజమే. సీమకు ఆ పేరు నిలిచినను, కళాశాలను జనులు చాలకాలము పాత పేరుతోనే పిలిచిరి.

ఇక్కడ తిథుల సంగతి ఒకటి చెప్పవలసియున్నది. కళాశాలలు తెరచుట జూను చివరనో జూలై మొదటనో. మృగశిర, ఆరుద్ర కార్తెలలో తొలకరి పడినచో సీమ రైతు విత్తనపు చెనిక్కాయలకై అప్పునకు తిరుగుటయు అప్పుడే. సంవత్సరమంతటిలో ఇంట రొక్కము లేని మాసములు ఇవి. పైరు పండి కాయ యంగడి చేరుట కార్తికమునకు గాని కాదు. కాబట్టి ప్రవేశ రుసుము, పుస్తకముల వెల, వసతిగృహపు ధరావతు, భోజనపు బిల్లు అన్నియు విత్తనముతో పోటీపడి, చాలమార్లు విత్తనమే గెలుచుచుండెను. క్రొత్త విద్యార్థి తొలి నాలుగు మాసములు అప్పుమీదనే బ్రదుకును: అంగడివాని యొద్ద అప్పు, తోటివాని యొద్ద పుస్తకపు టెరవు, వసతిగృహాధికారి యొద్ద గడువు. చదువు మానినవారిలో ఎక్కువమంది ఈ నాలుగు మాసములలోనే మానిరని పల్లెలలోని పెద్దలు చెప్పుదురు. నిజమే కావచ్చును, ఏలననగా దసరా దాటిన పిమ్మట పంట డబ్బు ఒక దిక్కు, అలవాటు ఒక దిక్కు విద్యార్థిని నిలబెట్టును. విశ్వవిద్యాలయ సంవత్సరమును కావేరి డెల్టా పంటకాలమును బట్టియో, ఆంగ్లదేశపు దొరల ఆచారమును బట్టియో ఏర్పరచిరి గాని మెట్టపొలము నడిగి ఏర్పరచలేదు.

ఈ కాలపు విద్యార్థులలో ఇరువురిని ప్రక్కప్రక్కన నిలిపి చూడవలెనని నాకు చాలకాలముగ కోరిక. ఒకరు అనంతపురము జిల్లా ఇల్లూరు భూస్వామి కుటుంబమున పుట్టిన నీలం సంజీవరెడ్డి గారు. 1929లో గాంధీ అనంతపురము వచ్చి పోయిన పిదప ఆయన ఖద్దరు ధరించి, 1931లో దత్తమండల కళాశాల చదువును విడిచి, ఉద్యమమున చేరిరి. రెండవవారు కర్నూలు చేరువనున్న పెదపాడు దళితవాడలో 1921 ఫిబ్రవరి 14న పుట్టిన దామోదరం సంజీవయ్య గారు. పుట్టిన కొద్ది దినములకే తండ్రి మునయ్య గతించెను; తల్లి సుంకులమ్మ పోషణలో, మేనమామల ఆదరణలో పెరిగి, కర్నూలు పురపాలక పాఠశాలలో చదివి, 1938లో ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షలో జిల్లాలో ప్రథములుగ నిలిచి, అన్నగారు చిన్నయ్య ధనసాహాయ్యముతో అనంతపురమునకు వచ్చిరి. చేరినది అదే కళాశాల, గడప ఒక్కటియే. ఒకరికి విడిచిపెట్టుట త్యాగము, మరియొకరికి విడువకుండుటయే పోరాటము. గణితమును, ఖగోళమును చదివి 1942లో సంజీవయ్య బి.ఏ. ముగించిరి. కర్నూలులో రేషనింగు కార్యాలయ గుమాస్తా పని, మదరాసులో ఉపాధ్యాయత్వము వంటివి చేయుచునే తరువాత న్యాయశాస్త్రము నేర్చిరి. 1960 జనవరి 11న ఆయన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయిరి. భారతదేశమున ఆ పదవి నధిష్ఠించిన తొలి దళితుడాయనయే. నీలం సంజీవరెడ్డి గారి పిమ్మటనే ఆయన ఆ కుర్చీలో కూర్చుండుట చరిత్రలో అరుదుగ జరుగు పొందిక.

సంజీవయ్య వంటి బాలునికి వారము పెట్టు ఇల్లు లేదని పైన చెప్పితిని. ఆ లోటును పూరించినవి సంఘపు దయ కాదు, ప్రభుత్వపు వసతిగృహములు. మదరాసు ప్రభుత్వము 1920లో నెలకొల్పిన కార్మికశాఖ ఆధీనమున అణగారిన వర్గముల విద్యార్థులకు ఉపకారవేతనములు, వసతిగృహములు మెల్లగ ఏర్పడినవి; స్వాతంత్ర్యానంతరము హరిజన సంక్షేమశాఖ, పిదప సాంఘిక సంక్షేమశాఖ అను పేరులతో అవి పట్టణములందంతట వ్యాపించినవి. వెనుకబడిన తరగతులవారికిని అట్టివే వచ్చినవి. చాలీచాలని కొట్టములు, నీళ్ల పప్పు, పురుగులు పట్టిన బియ్యము అని ఆ వసతిగృహములను నిందింపని విద్యార్థి లేడు. వానిలో ఒక యేడు గడుపని మొదటితరము ఉద్యోగి కర్నూలు, కడప కచేరీలలో దొరకుటయు కష్టము.

ఇంతలో విశ్వవిద్యాలయము ఎక్కడ యను వివాదము పెరిగెను. 1926లో బెజవాడలో వెలసి 1930లో వాల్తేరునకు తరలిన ఆంధ్ర విశ్వవిద్యాలయము సీమవారికి మదరాసుకన్న దవ్వు. సీమ కళాశాలలు మదరాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధములుగనే నిలిచినవి. 1937 నవంబరు 16న కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగు గృహమున కడప కోటిరెడ్డి గారు మొదలగువారు కోస్తా నాయకులతో చేసికొన్న ఒడంబడికలో మొట్టమొదటి షరతు విశ్వవిద్యాలయమును గూర్చినదే: వాల్తేరుతో పాటు అనంతపురమున కూడ ఒక కేంద్రముండవలెనని. రాజధాని, హైకోర్టు, కృష్ణా తుంగభద్రల జలములు ఇవన్నియు ఆ పత్రమున గలవు. రాజకీయ చరిత్రకారులు వానినే పేర్కొందురు. చదువునకు పోయిన బిడ్డ ఏ రాత్రి ఏ ఊర దిగవలెనను చింత కూడ ఆ పత్రమున నున్నదని వారు గుర్తింపవలెను.

ఊరిలోనే కళాశాల యను భాగ్యము స్వాతంత్ర్యముతో పాటు వచ్చెను. కర్నూలులో 1947లో డాక్టరు అబ్దుల్ హఖ్ గారి కృషిచే ఉస్మానియా కళాశాల, కడపలో 1948లో ప్రభుత్వ కళాశాల తెరువబడినవి. అబ్దుల్ హఖ్ గారి పేర నేడు కర్నూలులో ఉర్దూ విశ్వవిద్యాలయమే కలదు. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్రరాష్ట్ర రాజధాని అగుటతో కచేరీలకే ఇండ్లు చాలక డేరాలు వేసిరి; ఆ మూడేండ్లు పట్టణమున గది యద్దెకు దొరకుట విద్యార్థికి గగనకుసుమమయ్యెను. 1956 నవంబరులో రాజధాని హైదరాబాదునకు పోయినపుడు పట్టణము చిన్నబోయిన మాట నిజమే కాని, అద్దెలు తగ్గినందులకు లోలోపల సంతసించిన విద్యార్థులు ఉండకపోరు. అదే సంవత్సరము కర్నూలు వైద్యకళాశాల ఆరంభమయ్యెను.

ఈ కాలముననే పట్టణములలో ‘రూము’ జీవితము స్థిరపడినది. ఒక యూరివారో ఒక ఫిర్కావారో నలుగురైదుగురు బాలురు కలసి ఒక గది తీసికొందురు. కిరసనాయిలు పొయ్యి ఒకటి, అన్నపు తపేలా ఒకటి, ట్రంకు పెట్టెలు గోడ పొడవున, వాని మీద చుట్టిన పరుపులు. వంతుల వారీగ వంట. మొదటి సంవత్సరపు బాలునికి తొలి నెలలో పాత్రలు తోముట, నీళ్లు తెచ్చుట. ఆపైన గాని వంటకు అధికారము రాదు. అన్నము మాడ్చినవానికి మరల తోముడే శిక్ష. ఆ గదిలోని పెద్ద తరగతి బాలుడు వంట నేర్పినట్లే పాఠము కూడ నేర్పెను. ఏ అధ్యాపకుడు హాజరు విషయమున కఠినుడు, గ్రంథాలయమున పుస్తకమెట్లు తీయవలెను, ఉపకారవేతనపు కాగితముపై ఎవరి సంతకము కావలెను అనునవన్నియు రాత్రి భోజనముల వేళ చెప్పబడుచుండెను. నేటి విద్యాసంస్థలు ప్రథమ సంవత్సర విద్యార్థులకు మూడు దినముల పరిచయ కార్యక్రమమును జరుపుచున్నవి. ఉపన్యాసకులు వత్తురు, పుష్పగుచ్ఛములిత్తురు. ఊరి పెద్దవాడు నెలరోజులలో చెప్పినంత అందులో ఉండదు.

వంట కుదరనివారికి క్యారియరు. తెల్లవారకముందే తల్లి వండి, నాలుగు గిన్నెల క్యారియరునకు గుడ్డ చుట్టి, బిడ్డ పేరు వ్రాసిన చీటీ కట్టి, తొలి బస్సు కండక్టరు చేతికిచ్చును. పదిగంటల వేళ పట్టణపు బస్సుస్టాండులో బాలురు గుంపుగ నిలిచియుందురు. ఖాళీ గిన్నెలు సాయంకాలపు బస్సులో తిరిగి పోవును. సంగటి ముద్ద, ఊరిబిండి, అలసందల పులుసు, పండుగైనచో ఓళిగలు. బస్సు చెడిపోయిన దినమున కడుపు కాలెడిదే; అయినను ఇంటి కూడు తినుచు కళాశాలలో చదువుట వలన ఈ బాలురకు మదరాసు పోయిన తాతల దిగులు తెలియలేదు. వీరి యిబ్బంది మరియొకటి. సగము ఊరిలో, సగము పట్టణములో నుండుటచే సాయంకాలపు ఆటలు, సాహిత్య సభలు, ఎన్నికలు, సినిమాలు మొదలగువానికి దూరమై, మొదటి యేడంతయు తరగతిలో వెనుక బల్లపై అతిథులవలె గడపినవారు పలువురు.

1954 సెప్టెంబరు 2న తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసి, సీమకు తొలిసారిగ తన విశ్వవిద్యాలయము లభించెను. తిరుమల తిరుపతి దేవస్థానము 1945లోనే అక్కడ పురుషులకు శ్రీ వేంకటేశ్వర కళాశాలను, 1952లో స్త్రీలకు పద్మావతి కళాశాలను స్థాపించి యుండెను. బిడ్డను, అందునను ఆడుబిడ్డను, పరాయి ఊరికి పంపుటకు సందేహించిన తల్లిదండ్రులకు ‘స్వామి సన్నిధి’ యను మాట గొప్ప ధైర్యమైనది. వాల్తేరునకు పంపని తండ్రి తిరుపతికి పంపెను. ఏటికొకమారు మ్రొక్కు తీర్చుకొను నెపమున చూచిరావచ్చునని. స్త్రీవిద్యా చరిత్రలో ఈ భౌగోళిక, భక్తి కారణములకు దక్కవలసినంత స్థానము దక్కలేదు.

‘మొదటి సంవత్సరము’ అను మాటకు అర్థము కూడ ఈలోపల పలుమార్లు మారెను. మదరాసు కాలమున అది మొదట ఎఫ్.ఏ., పిదప రెండేండ్ల ఇంటర్మీడియటు. 1950ల ఉత్తరార్ధమున ఇంటర్మీడియటు పోయి ఒక సంవత్సరపు ప్రీ యూనివర్సిటీ, అనగా పి.యు.సి. వచ్చెను. ఆ పి.యు.సి. పల్లె విద్యార్థులకు పెద్ద అగడ్త. పదియేండ్లకు పైగ తెలుగున చదివినవాడు ఒక్కసారిగ భౌతిక రసాయన శాస్త్రములను ఆంగ్లమున వినవలెను. భాష చెవికి పట్టునప్పటికి పరీక్ష వచ్చును. ఆ పరీక్షయే వైద్యమునకును, ఇంజనీరింగునకును ద్వారము. 1969-70 నుండి మరల రెండేండ్ల ఇంటర్మీడియటు వచ్చినపుడు, తెలుగు అకాడమీ 1968లో ఏర్పడి పై తరగతులకు తెలుగున పుస్తకములను సిద్ధము చేయుట ఆరంభించినపుడు, ఈ అగడ్త కొంత పూడినది. పూర్తిగ పూడలేదు.

1972లో స్వాతంత్ర్య రజతోత్సవ సందర్భమున కర్నూలులో స్థాపింపబడిన సిల్వర్ జూబిలీ కళాశాల మాత్రము ఒక వింత ప్రయోగము. కోస్తా, తెలంగాణ, రాయలసీమ మూడు ప్రాంతముల విద్యార్థులను ఒకే వసతిగృహమున నుంచి చదివించుట దాని ఉద్దేశము. 1969లో తెలంగాణ ఉద్యమము, 1972లో జై ఆంధ్ర ఉద్యమము రాష్ట్రమును కదలించుచున్న కాలమది; పెద్దలు సభలలో సాధింపలేని సమైక్యమును పదునెనిమిదేండ్ల బాలురు ఒక గదిలో సాధింపవలెనని ప్రభుత్వము తలచెను. ఒకే గదిలో కాకినాడవాడు వేరుశనగ యనును, కరీంనగరువాడు పల్లికాయ యనును, కడపవాడు చెనిక్కాయ యనును, స్థానికుడగు కర్నూలువాడు బుడ్డలనును. నలుగురును ఒకే పొట్లములోనివి తిందురు. యాసను గేలిచేయుటతో ఆరంభమైన పరిచయము సంవత్సరాంతమునకు ఒకరి మాట నొకరు వాడుటగ మారుట ఆ కళాశాలలో చదివినవారు తరచుగ తలచుకొను విషయము. దానికి విపరీతముగ, 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు తక్కిన విద్యాసంస్థలలో నూటికి ఎనుబదియైదు స్థానములను ఆయా ప్రాంతములవారికే కేటాయించినది. సీమవాని తరగతిలో ఎక్కువమంది సీమవారే అగుటచే ఒంటరితనము తగ్గెను. అన్యప్రాంతీయుని తెలిసికొను అవకాశమును తగ్గెను. ఈ రెంటిలో ఏది మేలని నన్నడిగినచో, మొదటి సంవత్సరమునకు మొదటిది, తరువాతి సంవత్సరములకు రెండవది అందును.

సీనియర్లు పాత్రలు తోమించుటతో ఆగియున్నచో బాగుండెడిది. రూములలోని ఊరివాత్సల్యము లేని పెద్ద వసతిగృహములలో, ముఖ్యముగ వైద్య, ఇంజనీరింగు కళాశాలలలో, క్రొత్తవానిని హింసించు దురాచారము ప్రబలి, ప్రాణములు తీయునంతకు పోవుటచే, రాష్ట్రప్రభుత్వము 1997లో ర్యాగింగు నిషేధ చట్టమును చేసెను. భారతదేశమున ఇట్టి చట్టములు చేసిన తొలి రాష్ట్రములలో ఇది యొకటి. చట్టము భయమును కలిగించినది. పెద్దవాడు చిన్నవానికి చేయవలసిన పనిని మాత్రము అది నేర్పజాలదు గదా!

తిరుపతి పిమ్మట తక్కిన విశ్వవిద్యాలయములును సీమకు వరుసగ నడచివచ్చినవి. అనంతపురమున 1968లో తిరుపతి విశ్వవిద్యాలయపు స్నాతకోత్తర కేంద్రము వచ్చి, 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైనది. శ్రీబాగు షరతు నాలుగు దశాబ్దములకు పైగ గడచిన తరువాత ఆ విధముగ చెల్లెను. కడపలో 1977 నాటి స్నాతకోత్తర కేంద్రము 2006 మార్చిలో యోగివేమన విశ్వవిద్యాలయముగను, కర్నూలులోని కేంద్రము 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయముగను మారినవి. ఆ కాలముననే వచ్చిన బోధనా రుసుముల తిరిగి చెల్లింపు పథకము వలన రుసుమునకును విత్తనమునకును గల పాత పోటీ చాలవరకు శమించెను. ప్రభుత్వము చెల్లింపు ఆలస్యము చేసిన సంవత్సరములలో మాత్రము కళాశాల తలుపు దగ్గర అది మరల తలయెత్తుచునే యున్నది.

2008లోనే వేంపల్లె చేరువ ఇడుపులపాయలో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణము తెరువబడెను. పదవ తరగతి ముగిసిన పల్లె బిడ్డలను మార్కులను బట్టి తీసికొని, ఆరేండ్లు అక్కడనే ఉంచి ఇంజనీరింగు పట్టముతో పంపు సంస్థ అది. అందులోని మొదటి రెండేండ్లకు పి.యు.సి. యను పాత పేరే పెట్టిరి. వసతి, భోజనము, లాప్‌టాపు అన్నియు సంస్థవే. ఏడిండ్ల వారముల నాటినుండి మనము వెదకుచు వచ్చిన ప్రశ్నకు ఇక్కడ సంపూర్ణమైన ప్రత్యుత్తరము దొరకినది: ఎవరి బిడ్డయైనను ఒక్కటే పంక్తి. అయితే ఇక్కడ అడుగిడు విద్యార్థి వయస్సు పదునైదేండ్లు. తాతలు మదరాసు బండి యెక్కిన వయస్సుకన్న ఇది తక్కువ. ఆడుబిడ్డలును పెద్దసంఖ్యలో కలరు. జిల్లాపరిషత్తు పాఠశాలలో తెలుగున నేర్చిన గణితమునే వీరు ఇక్కడ ఆంగ్లమున వినుచు, కొండల నడుమ, ఇల్లు విడిచిన తొలి మాసములు గడపవలెను. అన్నము పెట్టుటకు వంటశాల గలదు; ఆ ఆంగ్లపు లెక్కను రాత్రి పదిగంటలకు తెలుగున మరల చెప్పుటకు పై తరగతి అన్నయో అక్కయో ప్రక్కగదిలోనుండి రావలసినదే.